లాలాగూడలో జ్ఞానతండ్రి

ఎనభయ్యో దశకం మొదట్లో, ఒక జూన్ నెలలో, నన్ను సికింద్రాబాద్‌లోని ఒక సాయంకాలపు కళాశాలకు చరిత్ర లెక్చరర్‌గా వేశారు. పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు చదివే కళాశాల అది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు నుంచి చేతుల నూనె వదలకుండానే వచ్చి కూర్చునేవారు. నా వంతుకు అమెరికా చరిత్ర పేపరు వచ్చింది. అమెరికా సంగతి దేవుడెరుగు, నేనప్పటికి బొంబాయి కూడా చూడలేదు.

సిలబస్‌లో వలసల యూనిట్ ఉంది. దక్షిణ ఇటలీ నుంచి ఓడలెక్కి న్యూయార్క్ చేరిన పేదల గురించి ఒక సాయంత్రం చెబుతున్నాను. బయట ముసురు. కరెంటు తగ్గి బల్బు ఎర్రగా వెలుగుతోంది. ఆ వలస వచ్చినవాళ్ళకు అక్కడి భాష రాదు, పోలీసులంటే నమ్మకం లేదు. పని కావాలన్నా, గది కావాలన్నా సొంత ఊరి పెద్దమనిషే దిక్కు. కొన్ని వీధుల్లో ఆయనే పిల్లల బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడేవాడు, అంటే దేవుడి ఎదుట ఆ బిడ్డకు పూచీపడేవాడు. ఆ తర్వాత ఆయన మనుషులు ఎవరి దుకాణం పగలగొట్టినా, భయంతో ఎవరూ సాక్ష్యం చెప్పేవారు కాదన్నాను. ఎక్కడో రైలు కూసింది. కాసేపు ఆ న్యూయార్క్ వీధులు మా ఊరివే అనిపించింది. పాఠం చెబుతూ అలా మైమరచిపోవడం నా అలవాటు. సిలబస్ పూర్తికాకపోవడానికి అదే కారణమని మా ప్రిన్సిపాల్ నమ్మకం.

క్లాసయ్యాక రూబెన్ అనే ఫిట్టరు వరండాలో నన్ను ఆపాడు. “సార్, ఆదివారం మా పాపకు బాప్తిస్మం. మా బస్తీ పెద్దాయన జ్ఞానతండ్రిగ నిలబడ్త అంటున్నడు. నన్ను నౌకరిల పెట్టించింది సుత ఆయననే. కాదంటే ఎట్ల?”

ఆ మధ్య వర్క్‌షాపు గేటు దగ్గర ఆ పెద్దాయన మనుషులు ఒక టీకొట్టు ముసలాయన కాలు విరగ్గొట్టారు. చూశానని పోలీసులకు చెప్పినవాడు రూబెన్ ఒక్కడే. మరుసటి నెలలో కోర్టు.

“బెదిరిస్తే తట్టుకుంట సార్. గిట్ల ప్రేమగ వస్తెనే పరేషాన్ అయితున్న. చుట్టమైనంక సాక్ష్యం ఎట్ల చెప్త?” అన్నాడు.

ఇంకొకరికి ముందే మాటిచ్చానని చెప్పమన్నాను. ఎవరికని అడిగాడు. నాకే అన్నాను. నేనూ గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం వాణ్ణే. అది ధైర్యం కాదు, ఆ పాఠం మత్తు ఇంకా దిగలేదు, అంతే.

ఆ మాట రూబెన్ పెద్దాయనతో చెప్పలేకపోయాడని ఆదివారం చర్చిలో తెలిసింది. జ్ఞానతండ్రి ముందుకు రావాలని పాస్టరుగారు అనగానే పెద్దాయన ముందు వరసలోంచి లేచి చేతులు చాచాడు. రూబెన్ తల వంచుకున్నాడు. అతని భార్య మేరీ మాత్రం, “సార్‌కు ముందే మాటిచ్చినం, పెద్దయ్యా,” అని పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, నలుగురిలో ఏమీ అనలేక కూర్చున్నాడు.

మరుసటి నెల రూబెన్ బోనెక్కి చూసింది చూసినట్టు చెప్పాడు. తర్వాత ఆ కుటుంబం లాలాగూడ వదిలి కాప్రాకు ఇల్లు మారవలసి వచ్చింది.

ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళు భయంతో నోరు మూసుకున్నారని ఆ సాయంత్రం క్లాసులో చెప్పాను. మరుసటి ఏడాది నుంచి రిటైరయ్యేదాకా ఆ పాఠం మార్చి చెప్పాను. భయం తర్వాతెప్పుడో వచ్చింది. ముందు వచ్చింది మొహమాటం.