హార్న్‌బిల్ ఇంటి అడ్రస్

పోయిన ఆదివారం నార్సింగిలో మా అక్క వాళ్ల ఫ్లాట్‌లో ఉన్నవాళ్లు: అక్క, బావ, నేను. ఉన్నవి: బగారన్నం, కోడికూర, ఎవరూ ముట్టని పెరుగు పచ్చడి, బావ ఫోన్‌లో ఒక హార్న్‌బిల్ ఫోటో. ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టుండే పెద్ద పక్షి అది. మొన్న సెలవుల్లో ఇద్దరూ పడమటి కనుమలకు వెళ్లినప్పుడు బావే తీశాడట. ఫోటోలో కొండ లేదు, దారి లేదు, చెట్టు కూడా సగమే ఉంది. మిగతాదంతా కత్తిరించేశాడు. "ఎక్కడ తీసినవ్ బావా?" అని అడిగాను. "ఏమో, ఏదో అడవి" అన్నాడు. "నేను పక్కనే ఉన్న గదా, నాకు తెల్వదా ఎక్కడో?" అంది అక్క. "నీకు తెల్సుడు వేరు, వీనికి చెప్పుడు వేరు" అని బావ ఇంకో ముక్క వేసుకున్నాడు.

ఈ జాగ్రత్త ఆయనకు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగమిచ్చిన కంపెనీ చేరే తేదీని వాయిదా వేస్తూ పోతున్న రోజుల్లో, మాదాపూర్‌లో ఒక చిన్న సంస్థలో ఇంటర్న్‌గా చేరాను. పడమటి కనుమల వానకారడవుల్లో జంతువుల్నీ పక్షుల్నీ కాపాడే సంస్థ. అడవిలో ఉండే వాళ్ల మనుషులు నోట్స్ పంపేవారు. వాటిని మామూలు జనం చదివే కథనాలుగా మార్చడం నా పని. కింద టిఫిన్ సెంటర్ నుంచి దోసె వాసన వస్తుంటే, పైన ఏసీ గదిలో కూర్చుని జలగల గురించి రాసేవాణ్ని. ఇంట్లో ఎవరికీ నమ్మకం కుదరలేదు. "అడవి ఆఫీసు హైటెక్ సిటీల ఏంది?" అని అక్క మొదటి రోజే తేల్చేసింది. బావది ఇంకా గట్టి అనుమానం. ఆయన జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో, నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తాడు. బ్యాచ్ నంబరు లేని సీసా ఆయన దృష్టిలో సీసానే కాదు.

ఆ బావకు నా మొదటి కథనం చూపించడం తెలివైన పని కాదు. అది ఒక హార్న్‌బిల్ జంట గురించి. ఆడపక్షి చెట్టు తొర్రలోకి దూరి, ముక్కు పట్టేంత చీలిక వదిలి, వాకిలి మూసేసుకుంటుంది. నెలల తరబడి మగపక్షి పండ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తుంది. మగపక్షికి ఏమైనా అయితే లోపల తల్లికీ పిల్లకూ తిండి లేదు. బావ రెండుసార్లు చదివాడు. "ఊరు లేదు. తారీఖు లేదు. చెట్టు పేరు లేదు. చూసినోని పేరు లేదు. గిట్లాంటిది మా గేటు దాటదు బామ్మర్దీ. నిన్ను ఎవడో బకరాను చేస్తున్నడు."

నేను రాసినప్పుడు అవన్నీ ఉన్నాయి. మా మేడం తీయించింది. ఆవిడ కాకినాడ మనిషి, ఇంటర్న్‌లను కూడా అండీ అనే పిలిచేది. ప్రతి కథనానికీ "జల్లెడ పట్టారా అండీ?" అని అడిగేది. గూడు ఎక్కడుందో పట్టిచ్చే ముక్క ఒక్కటి కూడా బయటికి పోకూడదని దాని అర్థం. పక్షి పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు, ముక్కు కోసం చంపేవాళ్లు కూడా చదువుతారట. నాకు మింగుడుపడలేదు. ఆధారాలన్నీ తీసేశాక నిజానికీ కట్టుకథకూ తేడా ఏముంటుంది? బావ మాట చెవిలో పడ్డాక అనుమానం మేడం మీదికే మళ్లింది. ఆ చెట్టును నేను చూడలేదు. చూసినవాళ్లను కలవలేదు. ఆవిడ నిజంగా అడవికి వెళ్లేదా, లేక మా అందరికీ కథలు చెబుతోందా?

ఆ కథనం బయటికొచ్చిన వారం, ఆదివారం నాడు ఇదే టేబుల్ దగ్గర బావ మళ్లీ మొదలుపెట్టాడు. "ఉంటే ఆ ఊరి పేరు చెప్పు, మ్యాప్‌ల చూస్త." పౌరుషానికి చెప్పేద్దామనే అనుకున్నాను. అంతలో ఆఫీసు ఫోన్ మోగింది. సెలవు రోజుల్లో అది నా దగ్గరే ఉండేది. ఆ వారంలో అప్పటికే చాలాసార్లు చేసిన మనిషే. కథనం చదివి కళ్లలో నీళ్లు తిరిగాయట. గచ్చిబౌలిలో ఐటీ ఉద్యోగమట, పక్షుల ఫోటోలు సరదా అట. నేను చేతులు కడుక్కోలేదని స్పీకర్ పెట్టాను. "జిల్లా ఒక్కటి చెప్పండి బ్రదర్, చాలు. పొద్దుటి ఎండ చెట్టుకు ఎటువైపు పడుతుంది? దగ్గర్లో బండి ఆపుకునే చోటుందా?"

బావ తినడం ఆపాడు. ఎడమ చేత్తో ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. "సార్, మీరు ఉండేది ఎక్కడ?"

"గచ్చిబౌలి అండి."

"గచ్చిబౌలిల ఎక్కడ? అపార్ట్‌మెంట్ పేరు, ఫ్లాట్ నంబర్?"

అవతల చిన్న నవ్వు. "తెలియనివాళ్లకి ఇంటి అడ్రస్ ఎవరైనా చెప్తారా సార్?"

"మరి దాని ఇంటి అడ్రస్ ఎట్ల అడుగుతున్నవ్?"

ఫోన్ కట్ అయింది. "చెప్తా, రాసుకో బావా" అన్నాను, గెలిచినవాడిలా. బావ అడ్డంగా తలూపాడు. "వద్దు. ఇగ నాకు గూడ చెప్పకు. నేను ఫ్యాక్టరీల ఎవనికన్నా చెప్త, వాడు ఇంకొకనికి చెప్తడు."

మర్నాడు మేడంకి చెబితే నంబరు రాసుకుని, వెంటనే అడవికి ఫోన్ చేసి ఆ చెట్టు దగ్గర కాపలా పెంచమంది. అవతలివాళ్లు ఆవిణ్ని పేరు పెట్టి పలకరించి, పోయినసారి అడవిలో పట్టిన కాలి నొప్పి తగ్గిందా అని అడగడం నాకు వినిపించింది. ఆవిడ మీది అనుమానం అక్కడితో పోయింది. ఆ ఫోన్ మనిషి మీదిది మాత్రం ఇప్పటికీ ఉంది. అతను నిజంగా ఫోటోల పిచ్చివాడే అయ్యుండొచ్చు. మళ్లీ ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

మొన్న బావ ఫోటో చూసి, ఆ గూడున్నది ఇదే చోటేమోనని ఊరి పేరు గుర్తుచేసుకోబోయాను. రాలేదు. అప్పట్లో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. మేడం పట్టిన జల్లెడలో కాగితం మీది పేరే పోయింది, కాలం పట్టిన జల్లెడలో నాలోదీ పోయింది. ఆ సీజన్ చివర అడవి నుంచి వచ్చిన నోట్‌లో ఆఖరి వరుస మాత్రం మిగిలింది. గూడు వదిలి ఎగిరిన పిల్లలు: ఒకటి.