జావా అక్క సావా

ఆ రోజుల్లో నాకు ఎక్కడ ఏడుపు వినబడినా ఎవరో పోయారనే లెక్క. బతికున్నవాళ్ళ కోసం, కాస్త నేల కోసం కూడా మనుషులు ఏడుస్తారని తెలిసే వయసు కాదు నాది. రాయచోటి దగ్గరి పల్లె నుంచి కువైట్‌లోని సల్వాలో ఒక ఇంటికి పనికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. నాకు వచ్చిన అరబీ అంతా కలిపితే పిడికెడు. (ఆ పిడికెడుతోనే ఆ ఇంటిని ఎంత అల్లకల్లోలం చేశానో వింటే మీకే తెలుస్తుంది.)

ఆ ఇంట్లో వంట చేసే ఆమెది ఇండోనేషియాలోని జావా దీవి, వరి పండించుకునే చిన్న ఊరు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. నేను జావా అక్క అనేదాన్ని. ఆమె నన్ను "న్డుక్" అని పిలిచేది. వాళ్ళ భాషలో అది మన "అమ్మీ" లాంటి ముద్దు పిలుపట. నాకా సంగతి తెలియక, ఈమె ప్రతిదానికీ "ఎందుకు?" అని నిలదీస్తోందనుకున్నాను. నేల తుడుస్తుంటే "న్డుక్!" అనేది. "దుమ్ముండాదక్కా, అందుకే" అనేదాన్ని. కాసేపు కూర్చుంటే మళ్ళీ "న్డుక్!" "కాళ్ళు పీకతాండాయక్కా, అందుకే కూసున్నా." ఇలా నెల రోజులపాటు చేసిన ప్రతి పనికీ సంజాయిషీ ఇచ్చుకున్నాను. ఆమె నవ్వి తలూపేది. పిల్ల ఉత్త వాగుడుకాయ అనుకుని ఉంటుంది.

ఒక శుక్రవారం పొద్దున జరిగింది ఇది. శుక్రవారం అంటే మామా (ఇంటి యజమానురాలిని అలాగే పిలవాలి) కొడుకులూ కూతుళ్ళూ పిల్లాజెల్లాతో భోజనానికి దిగే రోజు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో మాంసమూ బియ్యమూ కలిపిన మచ్బూస్ ఉడుకుతోంది. జావా అక్క మాత్రం బట్టలుతికే గదిలో ఫోన్ చెవికి ఆనించుకుని ఏడుస్తోంది. గుమ్మం దగ్గర నిలబడి చెవి ఒగ్గాను. వాళ్ళ భాష నాకు ముక్క రాదు. రెండు మాటలు మాత్రం మళ్ళీ మళ్ళీ వినబడ్డాయి: "బాపా... సావా... సావా... బాపా." బాపా అంటే నాన్న అని అంతకుముందు ఆమే చెప్పింది. ఇక సావంటే ఏమిటో మా రాయలసీమ మనిషికి ఇంకొకరు చెప్పాలా?

మా వైపు సావు కబురు వచ్చిన ఇంట్లో పొయ్యి వెలగకూడదు. కబురు విన్నవాళ్ళు కట్టుబట్టలతో తలమీద నీళ్ళు పోసుకోవాలి. దేశంకాని దేశంలో ఈమెకు ఇవన్నీ ఎవరు చేస్తారు, నేనే కదా దిక్కు అనుకున్నాను. పరుగున పోయి మచ్బూస్ కింద మంట ఆర్పాను. నల్లా కింద బకెట్ నింపాను. వెనక నుంచి వెళ్ళి ఆ నీళ్ళు మొత్తం ఆమె నెత్తిన కుమ్మరించి, మెడ కావిలించుకుని, "అయ్యో అక్కా! నీ నాయన నిన్ను ఇడిసిపెట్టి పాయనా అక్కా!" అని రాగం అందుకున్నాను. ఆమె ఉలిక్కిపడి ఒక్క కేక పెట్టింది. ఫోన్ రెండుసార్లు మిణుక్కుమని ఆరిపోయింది.

కేకలు విని మామా మెట్లు దిగి వచ్చింది. నేను నా పిడికెడు అరబీ బయటికి తీశాను. "మామా! బాబా మౌత్! బాబా ఖలాస్!" నాన్న పోయాడు, అయిపోయాడు అని. ఎవరి బాబా అన్నది చెప్పే అరబీ నా దగ్గర లేదు. ఆ ఇంట్లో యజమానిని కూడా మేమంతా బాబా అనే పిలుస్తామన్నది ఆ క్షణంలో గుర్తే రాలేదు. రొట్టెలు తెస్తానని అప్పుడే కారులో వెళ్ళిన మొగుడి గురించి ఈ మాట విని మామా మెట్టు మీదే కూలబడింది. ఇంతలో ఆయనే రొట్టెల సంచితో లోపలికి వచ్చి, వంట వాసన రావడం లేదేమని అడిగాడు. ఆయన్ని చూసి మామా బోరున ఏడ్చింది. నన్ను చూసి పళ్ళు కొరికింది.

తడి బట్టలతోనే జావా అక్క బియ్యం బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి నా అరచేతిలో పోసింది. ఇవి పండే మడిని మా భాషలో సావా అంటారు, మా నాన్న నిక్షేపంగా ఉన్నాడు, పోయేది సావా అని తనకొచ్చిన అరబీలో, మిగతాది సైగలతో చెప్పింది. వాళ్ళకున్నది రెండంటే రెండు మడులు. కొందరి ఇళ్ళలో కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒకటి ఇస్తారట. వాళ్ళ నాన్న మాత్రం ఇద్దరికీ సమానంగా, సవా సవా అని చెరొకటి రాసి, రెండూ తానే సాగు చేస్తున్నాడు. ఇప్పుడు తమ్ముడు రెండూ అమ్మేసి ఇటుకల ఇల్లు కడతానంటున్నాడు. కొనేవాడు వచ్చి కూర్చున్నాడు, ఊరిపెద్ద కాగితం ముందు పెట్టుకున్నాడు, ఫోన్లో ఈమె సరే అనడమే తరువాయి.

"అనబోయినా న్డుక్. నోరు తెరిచేసరికి నీళ్ళు లోపలికి పోయినాయి" అంది.

ఫోన్‌ను అదే బియ్యం బస్తాలో పూడ్చిపెట్టింది, తడి లాగుతుందని. నా ఫోన్ ఇస్తానంటే, "లా, వద్దు. ఎండనీ" అంది. మూడు రోజులు ఎండింది. ఆ మూడు రోజులూ ఆమె ఉల్లిపాయలు కోస్తూ వాళ్ళ ఊరి గురించి చెప్పింది. అక్కడ టేకు చెక్కల ఇంటిని పలకా పలకా విప్పి, ఊరంతా భుజాన మోసుకుపోయి ఇంకోచోట నిలబెడతారట. ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు, మడిని మాత్రం ఎవరు మోసుకొస్తారు అంది. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో లేనిదాన్ని, వద్దనడానికి నేనెవరిని అని కూడా అంది. తర్వాత నన్నడిగింది, "మరి నీకు అక్కడ ఏముంది, న్డుక్?"

నేను గలగలా నవ్వాను. విమానం ఎక్కేముందు మా అన్న నన్ను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోయాడు. "కువైట్ పోయేదానివి, నీకెందుకుమ్మీ చేను" అన్నాడు. నా పాలు రెండెకరాల మెట్ట చేను. నీళ్ళు తాగినంత సులువుగా సంతకం పెట్టేశాను. అదే గొప్పగా చెప్పి, "అంతా మా అన్నకే ఇచ్చేసినాలేక్కా" అన్నాను. ఆమె నవ్వలేదు. కత్తి పక్కన పెట్టి నావైపు తిరిగింది.

నాలుగో రోజు ఫోన్ వెలిగింది. (నేను మర్యాదగా బకెట్‌కు దూరంగా నిలబడ్డాను.) ఈసారి ఆమే ఊరికి ఫోన్ చేసింది. తమ్ముడు తన మడి అమ్ముకుంటే అమ్ముకోనీ, నాది అమ్మను, నాన్న ఓపిక ఉన్నన్నాళ్ళు అందులో నాటు వేసుకుంటాడు అని చెప్పిందట. అవతల ముసలాయన గొంతు రెండు ముక్కలు పలికి ఆగిపోయింది.

"మీ నాయనేమన్యాడక్కా?"

"మడికి నీళ్ళు పెట్టాల, ఉంటా అన్నాడు" అని చెప్పి మళ్ళీ ఏడ్చింది. ఈసారి నేను ఊరికే పక్కన కూర్చున్నాను.

జావా అక్క ఊరికి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. నేను ఇప్పుడు కువైట్‌లోనే, ఫహాహీల్‌లో ఒక కుట్టు దుకాణంలో పని చేస్తున్నాను. అప్పుడప్పుడు ఆమె మడి ఫోటో పంపుతుంది, ఒక పక్క నారు, ఇంకో పక్క మోకాలి లోతు నీళ్ళలో ఆమె. మా చేనులో ఇప్పుడు అన్న మామిడి తోట వేశాడు. సెలవుకు పోయినప్పుడు అతిథికి పెట్టినట్టు రెండు కాయలు కోసిస్తాడు. తీపిగానే ఉంటాయి. రిజిస్ట్రారు ఆఫీసులో పెన్ను పట్టుకుని నవ్వుతూ కూర్చున్న ఆ పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఊళ్ళోవాళ్ళ నెత్తిన నీళ్ళు పోసే పిల్లే గాని, దాని నెత్తిన ఒక్క చెంబుడు పోసేవాళ్ళు ఆ రోజు లేకపోయారు.

మొన్న ఫోటోతోపాటు గొంతు కూడా పంపింది. "న్డుక్!" అని ఒక్క మాట. అర్థం తెలిసి ఇన్నేళ్ళయినా నా చెవికి అది "ఎందుకు?" అనే వినబడుతుంది. తుడిచినందుకూ కూర్చున్నందుకూ సంజాయిషీ చెప్పినదాన్ని, ఆ సంతకం ఒక్కదానికి మాత్రం ఏం చెప్పాలో తోచక, ఫోన్ పట్టుకుని నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను.