సెలైన్ వద్దన్న రోజు

మే నెల, మంగళవారం. చర్ల దగ్గరి దవాఖానాలో నర్సులకు నా క్లాసు. ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఇదే నా పని: వైద్యం చేస్తూ చెత్త తగ్గించుకోవడం ఎలాగో చెప్పడం. భద్రాచలం నుంచి బస్సులో వేడికి కుదేలై దిగాను, అయినా టైముకే మొదలుపెట్టాను.

ఒక్క సెలైన్ ఎక్కిస్తే మిగిలేవన్నీ బల్ల మీద పరిచాను. సీసా, గొట్టం, సూది, దూది, ప్లాస్టరు, కవర్లు. పక్కన ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒక్కటి. నోటితో తాగగలిగిన మనిషికి సూది ఎందుకని అడిగాను.

వరండాలో ఒక ముసలాయన పొద్దుటి నుంచీ కూర్చున్నాడు. నీరసం, అంతే. నర్సు ఓఆర్‌ఎస్ ఇస్తే తీసుకోలేదు.

"నీళ్లు తాగనీకి దవాఖానాకు రావాల్నా బిడ్డా? ఇంట్ల కుండ లేదా? సీసా ఎక్కియ్యి."

క్లాసులో మాట్లాడుతుండగానే నాకు కళ్లు తిరిగాయి. కుర్చీలో కూలబడ్డాను. నర్సులంతా చుట్టూ మూగారు. పెద్ద నర్సు బీపీ చూసి, చెయ్యి తిప్పి నరం వెతకసాగింది.

"ఒక్క సీసా ఎక్కిస్తం మేడమ్, జల్దీ లేస్తరు."

"నేను తాగగలను."

"క్లాసు తర్వాత చెప్పుకుందురు గానీ, ముందు పడుకోండ్రి."

చెయ్యి లాక్కున్నాను. ఇప్పుడు ఎక్కించుకుంటే పొద్దుటి నుంచి చెప్పిందంతా వృథా. గ్లాసెడు ఓఆర్‌ఎస్ కలపమని చెప్పి, గుక్క గుక్కగా తాగాను. వాంతి కాలేదు. కాసేపటికి చూపు నిలబడింది. నర్సులు చప్పట్లు కొట్టారు. వరండాలోకి చూస్తే ముసలాయన లేడు.

ఆయా నవ్వుతూ వచ్చింది. "కిటికీల నుంచి అంతా చూసిండు మేడమ్. 'అంత పెద్ద మేడమ్‌కే ఎక్కియ్యలేదంటే ఇక్కడ సీసాలు అయిపోయినట్టే' అని ఊళ్లె ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గరికి పోయిండు."

నాకు కూర్చోబుద్ధి కాలేదు. కొత్త గ్లాసులో ఓఆర్‌ఎస్ పోయించుకుని, నర్సులు వద్దంటున్నా ఆటో ఎక్కాను. దారంతా లెక్క వేసుకున్నాను: నా సీసా ఒకటి మిగిల్చాను, ముసలాయనకు ఒకటి పోయింది. మిగిలింది సున్నా.

ఆర్‌ఎంపీ గదిలో రెండు బల్లలు. ఒకదాని మీద ముసలాయన పడుకుని ఉన్నాడు. సీసా సగమైంది. నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"నువ్వు గూడ వచ్చినవా అమ్మా! అక్కడ లేవని నాకు తెల్సు. పక్క బల్ల ఖాళీగనే ఉంది, పండుకో."

నేను నోరు తెరిచేలోపే ఆర్‌ఎంపీ కొత్త సెలైన్ గొట్టం సెట్టు కవరు చింపాడు.

"నాకొద్దు బాబూ."

"ఓపెన్ చేసిన మేడమ్. ఇగ వాపస్ ఎట్ల పెట్టాలె?"

చెయ్యి కొంగులో దాచుకుని బల్ల అంచున కూర్చున్నాను. అక్కడ సీసాలు అయిపోలేదని, నేనే వద్దన్నానని ముసలాయనకు చెప్పాను. నమ్మలేదు. గ్లాసు అందించాను. తల ఎత్తి ఒక గుక్క తాగి, ముఖం చిట్లించాడు.

"ఉప్పగుంది."

అన్నాడే గానీ గ్లాసు తిరిగి ఇవ్వలేదు. బయట నేను తిరిగి వెళ్లాల్సిన భద్రాచలం బస్సు హారన్ కొడుతోంది.