డ్రైవర్ సీట్లో కాసేపు

దసరా సెలవులిచ్చారు. నేను అద్దెకుండే ఇంటివాళ్లు తీర్థయాత్రకు పోయారు, నాతో పనిచేసే టీచర్లంతా ఎవరి ఊళ్లకు వాళ్లు బస్సెక్కారు. నాకు వెళ్లవలసిన ఊరంటూ లేదు. రెండు రోజులు మధ్యాహ్నం దాకా పడుకున్నాను, సాయంత్రాలు చర్చి ఆవరణలో నడిచాను. మూడోనాడు, మెదక్ శివారులో మూతబడ్డ రైస్ మిల్లులో ఎవరో పాత బండ్లు కొని ప్రదర్శనకు పెట్టారని విని ఆటో ఎక్కాను.

లోపల చూడటానికి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. కాపలా ఉన్న ముసలాయన ఒకప్పుడు మెకానిక్ అట. జీపులు, మూడు చక్రాల టెంపో, ఎవరో దొరవారి కారు, ఒక్కొక్కటే తుడిచినంత జాగ్రత్తగా చూపించాడు.

"ఇవన్నీ ఇంకా నడుస్తయా?" అన్నాను.

"రెండు నడుస్తయి మేడం. తోలేటోళ్లే లేరు."

చివర్లో ఎర్ర బస్సు ఉంది. చూడగానే ఆగిపోయాను.

మా నాన్న అలాంటి బస్సే నడిపాడు. అమ్మ పోయాక నన్ను మేనత్త దగ్గర ఉంచి, ఆయన తెల్లారకముందే డ్యూటీకి వెళ్లేవాడు. ఒక వేసవి సెలవుల్లో మాత్రం ఒక్కరోజు నన్ను తన బస్సులో తీసుకెళ్లాడు. ఎడమవైపు మొదటి సీట్లో, కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒక్కసారైనా వెనక్కి తిరిగి నాతో మాట్లాడలేదు. ఏడుపొచ్చింది. మళ్లీ రమ్మంటే రానన్నాను. ఆయన ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు.

"మా నాయిన డ్రైవర్. ఒక్కసారి ఆ సీట్ల కూసోవచ్చా?" అని ముసలాయన్ని అడిగాను.

ఆయన బస్సు తలుపుకు అడ్డంగా కట్టిన తాడు విప్పాడు. "ఎక్కు బిడ్డా. జర పైలం, మెట్టు విరిగింది."

స్టీరింగు నేను అనుకున్నదానికన్నా పెద్దది. రెండు చేతులూ చాచి పట్టుకోవాల్సి వచ్చింది. ముందు రోడ్డుకు బదులు మిల్లు గోడ. తల పైకెత్తితే చిన్న అద్దం. నేను అందులోకి చూస్తుంటే ముసలాయన పోయి ఎడమవైపు మొదటి సీట్లో కూర్చున్నాడు. అద్దంలో ఆయన మొహం పూర్తిగా కనిపించింది, గడ్డం మీది తెల్ల వెంట్రుకలతో సహా.

"కనబడుతున్ననా?" అన్నాడు.

"కనబడుతున్నరు."

అద్దంలోకే చూస్తూ అడిగాను. "డ్రైవర్లు బండి నడుపుతుంటే మాట్లాడకపోదురా?"

"ఎట్ల మాట్లాడుతరు బిడ్డా? యాభై మంది పానాలు చేతుల ఉంటయి. మాట్లాడొద్దని నెత్తి మీద బోర్డే రాసి ఉంటుండె."

నాన్న ఆ రోజు అద్దంలో నన్ను చూశాడో లేదో నాకు తెలియదు. చూశాడని అనుకోవడానికి ఇన్నేళ్లకు ఒక వీలు దొరికింది, అంతే. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. అడగడానికి ఎవరూ లేరు. స్టీరింగు వదలాలనిపించలేదు. ముసలాయన కూడా తొందరపెట్టలేదు, అక్కడే కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

గదికి వచ్చాక ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఫోన్లో పేర్లన్నీ పైకీ కిందికీ జరిపి, చివరికి మేనత్తకు చేశాను. ఆమెకు ఇప్పుడు సరిగా వినబడదు. బస్సు గురించి చెప్పబోతే, "అన్నం తిన్నవా?" అంది. మళ్లీ మొదలుపెట్టాను. "గట్టిగ చెప్పు, అన్నం తిన్నవా?" అంది.

తిన్నానని చెప్పి, ఫోన్ పెట్టేసి, స్టవ్ మీద బియ్యం పెట్టాను.