కిటికీ మూసి రాసిన కవిత

డెబ్బైల చివర్లో మన్యంలో పెదబయలు దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో నేను తెలుగు మాస్టారిని. అక్కడి చలి నాకు పడేది కాదు. బడి అవగానే గదిలో దూరి కిటికీ బిగించేవాణ్ణి. అయినా పార్వతీపురం మిత్రులు నన్ను కొండకవి అనేవారు. నేనూ కాదనలేదు.

ఒకసారి పార్వతీపురంలో కవిసమ్మేళనానికి పిలుపొచ్చింది. కొండగాలి ముక్కుకు తగిలేలా రాయమన్నారు. అమ్మ పంపిన పొడితో కాఫీ కలుపుకుని, గ్లాసు ముందు పెట్టుకుని, కిటికీ అద్దంలోంచి ఎదుటి కాఫీ తోటను చూస్తూ రాశాను: ‘కొండ నిద్రలేస్తే లోయంతా కాఫీ పరిమళం.’ రాసి నేనే మురిసిపోయాను.

మా వంటమనిషిది ఆ కొండ ఊరే. పండ్ల కాలంలో కాఫీ కోతకు వెళ్ళేది. అన్నం తెచ్చినప్పుడు ఆవిడకు చదివి వినిపిస్తే పడీపడీ నవ్వింది.

“తోటలో కాఫీ వాసనేటి బాబూ? గింజ వేపితేగానీ రాదు కదేటి! పండు తొక్క పులిస్తే ముక్కు మూసుకోవాల. మంచి వాసనంటే పువ్వుది. మొన్న వానకి కొండంతా తెల్లగా పూసి మూడ్రోజుల్లో రాలిపోనాది. నువ్వు తలుపేసుకు కూసున్నావు.”

నా ముఖం మాడిపోయింది. “మారుస్తాలే అప్పా” అన్నాను, అక్కడివాళ్ళు అక్కను పిలిచినట్టు.

“మార్సు బాబూ. కిందోళ్ళకి మా కొండ గురించి అబద్దం సెప్పకు.”

మార్చాలనే కూర్చున్నాను. ఎరగని వాసనను ఎలా రాయను? పోనీ ఆ పాదం కొట్టేద్దామంటే కవితలో ఇంకేమీ మిగలదు. సమ్మేళనంలో ఉన్నదున్నట్టు చదివేశాను. చప్పట్లు మోగాయి. శాలువా కప్పిన పెద్దాయన, “అనుభవించి రాశారండీ! నాకైతే ఇక్కడే కాఫీ వాసనొచ్చింది” అన్నారు. వచ్చే ఉంటుంది. వేదిక వెనకే కాఫీ కాస్తున్నారు.

తిరిగి వెళ్ళగానే ఆవిడ అడిగింది: “మార్సి సదివినావా?”

“చదివాను” అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

మరుసటి ఏడు తొలివానకు అడ్డాకులో చుట్టి ఒక పూలరెమ్మ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. “మా పువ్వు గురించి కిందోళ్ళకి సెప్పినావు కదా, ఇప్పుడు నువ్వూ వాసన సూడు బాబూ” అంది. చూశాను. మల్లెకు దగ్గరగా ఉంది గానీ మల్లె కాదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

శాలువా చాలా ఏళ్ళు చలికి పనికొచ్చింది. ఆ పూల మీద రాద్దామని ఎన్నిసార్లు కలం పట్టానో లెక్కలేదు. వాసన ఇంకా గుర్తే. కానీ దానికంటే ముందు ‘మార్సి సదివినావా?’ అన్న మాటే వినిపిస్తుంది. ఇప్పటిదాకా ఒక్క పాదం పడలేదు.