మా ఆయన మింగిన పాట

మా ఆడపడుచు ఆ రోజు పెట్టె మీదెక్కి కూర్చుంది. రెండు కాళ్ళూ పైకి మడుచుకుని, ఇక ఈ జన్మకి దిగేది లేదన్నట్టు. పెట్టె మూత బందు కిర్రుమని మూలిగింది. ఎదురుగా వడ్రంగి కొలతల టేపు సగం లాగి పట్టుకుని, ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు. పక్కన మా ఆయన.

"దిగవే," అన్నాడు మా ఆయన.

"దిగను."

"నాన్న పోయినప్పటినుంచీ చూస్తున్నా. రేడియో పాడుతుంది సరే, రికార్డు పెడితే చప్పుడే లేదు. సగం పెట్టె చచ్చింది. లోపలిదంతా పీకించి అరలు కొట్టిస్తే గ్లాసులైనా పెట్టుకోవచ్చు."

"సగం చచ్చినవన్నీ వడ్రంగికి ఇచ్చేయాలా?"

"మరి?"

"అయితే నువ్వూ రా అన్నయ్యా. నీకూ ఎడం చెవి వినపడదుగా. నీలోనూ ఓ రెండు అరలు కొట్టిద్దాం."

వడ్రంగి నవ్వు ఆపుకోలేక టేపు వదిలేశాడు. అది సర్రున చుట్టుకుపోయి అతని వేలిని కరిచింది. నేను తలుపు చాటున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పనివాడి ముందు పరువు పోయేసరికి మా ఆయన మొహం ఎర్రబడింది. "సరే. ఈ వానలు వెలిసేలోగా ఇందులో రికార్డు మోగించు. మోగిందా, పెట్టె జోలికి రాను. మోగలేదా, అరలే."

"మోగిస్తా," అని, అప్పుడు దిగింది.

ఆ పెట్టె రేడియోగ్రామ్. ముందువైపు రేడియో, పైన మూత తీస్తే రికార్డు తిరిగే పళ్ళెం, రెండిటికీ ఒకటే స్పీకరు. మా మామగారిది. ఇంటి ముందుగది ఆయన రేడియోల కొట్టు, వెనక గదుల్లో కాపురం. నేను ఈ ఇంటికి వచ్చేసరికే ఈ పిల్ల ఆయన బల్ల కింద కూర్చుని తెగిన తీగముక్కలు ఏరుకుంటుండేది. జడ వేస్తాను రావే అంటే తల నాకు ఇచ్చి కళ్ళు బల్ల మీదే ఉంచేది. మామగారు కొడుక్కి పని నేర్పాలని చూశారు. కొడుకు ఒక్క షాకు కొట్టించుకుని మంచం ఎక్కాడు, మళ్ళీ ఆ గదిలోకి వెళితే ఒట్టు. కూతురికి ఎవరూ నేర్పలేదు. చూసి పట్టేసింది. ఆయన ఆ సంగతి కనిపెట్టేసరికి, వచ్చినవాళ్ళు ఆయన్ని దాటి "అమ్మాయి లేదా?" అని అడుగుతున్నారు.

పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే "తీరిక లేదు" అనేది. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. అది నవ్వేది కాదు.

మనిషి పొట్టి. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే రాగి తీగ చుట్టుకుంది. ఆ తీగ నల్లబడితే కొత్త తీగ చుడుతుంది కానీ కాడ మార్చదు. వీధిలో పిల్లలకి రేడియో అత్త. ఇంట్లో మాకు మొండి. మొండీ అని పిలిస్తే పలుకుతుంది కూడా, సిగ్గులేకుండా.

ఇప్పుడు గాజు బుడ్ల వాల్వు రేడియోలు ఎవరింట్లో ఉన్నాయి? వచ్చేవే అరాకొరా. వచ్చినవాటిని ముందు చూడాలని సొంత పెట్టెని ఎప్పుడూ వెనక్కి నెడుతూ వచ్చింది. ఆ పెట్టేమో గుమ్మానికి ఎదురుగా, వచ్చిన ప్రతివాడి కంట్లో పడేలా ఉంటుంది. దాన్ని బాగుచేసుకోలేక వడ్రంగికి అప్పజెప్పిందని తెలిస్తే, మర్నాటినుంచి మొండి బల్ల మీద రేడియో పెట్టేదెవరు? "అన్నయ్య అరలు కొట్టించేది పెట్టెకి కాదు వదినా, నా కొట్టుకి," అంది నాతో, చెంబు తోముతున్నదల్లా ఆగి. మళ్ళీ తోమింది.

మర్నాడు పెట్టెని గోడనుంచి జరిపి, వెనక చెక్క విప్పి నన్ను కేకేసింది.

"నాకేం తెలుసే దీని గురించి?"

"తెలియనివాళ్ళే కావాలి. తెలిసినవాళ్ళు మధ్యలో వేలు పెడతారు. రేడియో పాడుతోందా?"

"పాడుతోంది."

"అయితే స్పీకరుకి రోగం లేదు, వాల్వులకీ లేదు."

రేడియోనుంచి రికార్డుకి మీట తిప్పింది. రికార్డు పెట్టి ముల్లు దించింది. పళ్ళెం గిర్రున తిరుగుతోంది, పెట్టె మాత్రం మూగది.

"ఇప్పుడు ముల్లు దగ్గర చెవి పెట్టు వదినా. ఊపిరి బిగబట్టు."

వంగాను. దోమ పాడినట్టు, అంత సన్నగా, పాట! స్పీకరులోంచి కాదు, ఆ ముల్లులోంచే.

"వినపడిందా? అయితే ముల్లూ బాగుంది, రికార్డూ బాగుంది. పాట అక్కడ బయల్దేరుతోంది, ఇక్కడికి చేరడం లేదు."

"మీ అన్నయ్యని కూరలకి పంపినట్టే. వెళ్ళడం తెలుస్తుంది, రావడం తెలియదు."

"అంతే. దారిలో ఏ కొట్టు దగ్గర ఆగాడో చూద్దాం."

ముందు ఆ మీట విప్పి, లోపలి రేకులన్నీ స్పిరిట్ దూదితో తుడిచింది. మసి వచ్చింది కానీ పాట రాలేదు. తర్వాత ముల్లుండే కడ్డీ చివరనున్న తల ఊడదీసింది. రెండు తీగలు, వెంట్రుకలంత సన్నవి, బయటపడ్డాయి. వేలు తడి చేసుకుని ఒకదాన్ని తాకింది. పెట్టె బుంయ్‌మని అరిచింది! నా చేతిలో టీ నా చీర మీదే పడింది.

"ముందు చెప్పి చావచ్చుగా!"

"చెబితే నువ్వు పారిపోయేదానివి. అరిచిందంటే ఇక్కడినుంచి అక్కడిదాకా దారి శుభ్రంగా ఉన్నట్టు. ఇక మిగిలింది ఈ తల."

ఆ తల చూడబోతే చింతగింజంత డబ్బా. అందులో ఓ బిళ్ళ ఉండాలట, కలకండలా మెరుస్తుందట. ముల్లు వణికినప్పుడల్లా ఆ బిళ్ళ నొక్కుకుని రవ్వంత కరెంటు పుట్టిస్తుందట. ఆ కరెంటే పెట్టెలోకి వెళ్ళి పాట అవుతుంది. డబ్బా విప్పి చూస్తే బిళ్ళ లేదు. గంజి ఎండిన అట్టలాంటిదేదో అంటుకుని ఉంది. ఏళ్ళ తరబడి వాన చెమ్మ తాగి తాగి కరిగిపోయింది.

పాత సామాన్ల కొట్లన్నీ తిరిగింది. దొరికిన ప్రతి తలా తెచ్చి విప్పడం, లోపల అదే గంజి చూడడం. అన్నీ ఒక ఈడువి, అన్నీ ఒక్కలాగే పోయాయి. గొడుగు మూలన విసిరికొట్టి, "దొరక్కపోతే పండిస్తా" అంది.

"దేన్ని?"

"బిళ్ళని. సరుకు దొరకని రోజుల్లో నాన్న పండించాడు. నేను చూశాను. నీ పాల గిన్నె ఇవ్వు."

రొట్టెల కొట్టువాడి దగ్గర పిండి పొంగడానికి వాడే పుల్లటి పొడి తెచ్చింది. బట్టలుతికే సోడా నాదే వాడింది. వేడి నీళ్ళలో రెండూ కలుపుతుంటే నురగ పొంగి నా పొయ్యి నిండా కారింది. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అది వడకట్టుకుంటూ "ఊ, ఊ" అంది. ఆ నీళ్ళు గాజు సీసాలో పోసి, గిన్నె అంచున గట్టిపడ్డ చిన్న పలుకు ఒకటి దారానికి కట్టి అందులో వేలాడదీసి, మా వంటింటి పై అరలో పెట్టింది.

"దీన్ని కదపకండి. దీని పక్కన తలుపులు ధడేలున వేయకండి. అన్నయ్యా, నీకే చెప్పేది."

బయట వాన, లోపల సీసా. రోజూ ఎక్కి చూసేది, ముట్టుకునేది కాదు. నేనూ చూసేదాన్ని, అది కొట్లో ఉన్నప్పుడు. పలుకు బొటనవేలంత అయింది. అంచులు తేరి, అద్దంలా, ఎవరో ఉలితో చెక్కినట్టు. ఓ పొద్దున బయటికి తీసి, ఆరడానికి చిన్న పళ్ళెంలో పెట్టి బజారుకి వెళ్ళింది.

మా ఆయనకి చక్కెర జబ్బు. తీపి ముట్టుకోకూడదు. అందుకే ఆయన చెయ్యి వంటింటి అరల్లో ఎప్పుడూ వెతుకుతూనే ఉంటుంది. పళ్ళెంలో అది కలకండ ముక్కలా కనపడింది. నోట్లో వేసుకుని కొరికేసరికి ఉప్పగా, చల్లగా తగిలిందట. ఉమ్మేయొచ్చు కదా? నా అడుగుల చప్పుడు విని, దొరికిపోతానని మొత్తం నమిలి మింగేశాడు.

ఆ ఉప్పు పూర్వం విరేచనాల మందు. ఆ సంగతి మా ఆయన కడుపుకి ముందు తెలిసింది, మాకు తర్వాత. మధ్యాహ్నానికల్లా ఆయన దొడ్లో కాపురం పెట్టాడు.

మా ఆడపడుచు వచ్చి ఖాళీ పళ్ళెం చూసింది. దొడ్డి తలుపు చూసింది. నా మొహం చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడి అడిగింది: "అన్నయ్యా, రుచెలా ఉంది?"

లోపల్నుంచి మూలుగు.

"మంచినీళ్ళు బాగా తాగు. పాట మింగావు, తేలిగ్గా పోదు." మళ్ళీ నా వైపు తిరిగి, "పాల గిన్నె ఇవ్వు," అంది.

రెండోసారి సీసా అరలో ఉండగానే వానలు వెనక పట్టాయి. ఎండ పొడ కనపడిందో లేదో వడ్రంగి టేపు పట్టుకుని గుమ్మంలో దిగాడు. మా ఆయన అప్పటికి లేచి తిరుగుతున్నాడు కానీ గదిలోంచి బయటికి రాలేదు. నేనే వెళ్ళాను.

"వానలు వెలిశాయి కదమ్మా, అయ్యగారు రమ్మన్నారు."

"వెలిశాయి. గడువు మాత్రం మీ అయ్యగారు మింగేశారు. కావాలంటే లోపలికి వెళ్ళి ఆయన్నే అడుగు, ఎన్నిసార్లు బయటికి వచ్చిందో చెబుతారు."

గదిలోంచి దగ్గు వినపడింది. వడ్రంగి టేపు జేబులో వేసుకున్నాడు.

ఈసారి పలుకు మొదటిదానికన్నా పెద్దది. రంపం పెడితే పగులుతుందని తడిపిన దారంతో కోసింది, అటూ ఇటూ లాగుతూ, ఓపిగ్గా, పూటంతా. పల్చని బిళ్ళకి రెండువైపులా వెండి కాగితం అంటించి, తీగలు తగిలించింది. చెమ్మ తగలకుండా పైన పూయడానికి నా గోళ్ళరంగు అడిగింది. ఈ వయసులో నాకు గోళ్ళరంగేమిటని మీరు అడగక్కర్లేదు. ఉంది, ఇచ్చాను.

మొదటిసారి పెడితే గరగర. విప్పింది. రెండోసారి బిళ్ళ పట్టు తప్పి జారింది. విప్పింది. అలా ఎన్నిసార్లు విప్పి బిగించిందో, నేను చూడలేక పప్పు ఏరుకుంటూ కూర్చున్నాను. ముల్లు మళ్ళీ దించింది. కొత్తగా పళ్ళు కట్టించుకున్న మనిషి మాట్లాడినట్టు కాస్త తడబడి, తర్వాత కుదురుకుని, పెట్టె పాడింది. ఆడమనిషి గొంతు, వెనక ఫిడేలు. గది నిండా.

మా ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, తల పక్కకి వాల్చి.

"నాకేం వినపడటం లేదే."

"ఆ చెవి కాదు అన్నయ్యా. ఇటు తిరుగు."

తిరిగాడు. పాట అయ్యేదాకా అలాగే కూర్చుని, లేచి, పెట్టె మీద దుమ్ము చేత్తో తుడిచి వెళ్ళిపోయాడు. అరల మాట మళ్ళీ ఎత్తలేదు.

మొండి మూత వేయబోయింది. ఆ రోజు ఎక్కి కూర్చున్నప్పుడు మూలిగిన బందు ఊడి, మూత ఓ పక్కకి ఒరిగిపోయింది. దాన్ని చేత్తో పట్టుకునే నా వైపు చూసింది.

"వదినా, వడ్రంగిని పిలుచుకురా. నువ్వే వెళ్ళు. అన్నయ్య వెళితే మళ్ళీ టేపుతో వస్తాడు. బందు బిగించడానికి మాత్రమే రమ్మను."