నెత్తి కాదు, వీపు

మరమరాల్లో ఆవనూనె కలిపే వాసన వస్తే చాలు, నా చెయ్యి ముందుగా వేరుశనగ గింజల్ని ఏరేస్తుంది. కొడుకు కాలేజీకి వచ్చాడు, అయినా ఏరుతాను. ఇంట్లో నవ్వుతారు. నవ్వనివ్వండి.

అప్పట్లో మేము ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. పక్కింటి రూతమ్మ పిన్ని రైల్వే ఆస్పత్రిలో ఆయా. పెద్ద గొంతు, ప్రతిదానికీ వంక. నిజం చెప్పొద్దూ, నాకు ఆవిడంటే బొత్తిగా పడేది కాదు.

ఒక సాయంత్రం మా రెండేళ్ళ బాబు మరమరాలు నములుతూ పరుగెత్తుతున్నవాడల్లా ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది, చప్పుడు లేదు. పొలమారిందనుకుని నెత్తిమీద తట్టాను. మనందరం చేసేదే కదా. “ఎవులో తలుసుకుంటన్నారు,” అంటూ మా అత్తగారు నీళ్ళు తెచ్చారు. వాడి పెదాలు నల్లబడుతుంటే నేను పెట్టిన కేకకి పిన్ని పరుగెత్తుకొచ్చింది.

“నీలొద్దు! నెత్తి కాదమ్మీ, ఈపు!”

వాణ్ణి లాక్కుని, తల కిందికి ఉండేలా తొడమీద బోర్లా వేసుకుని, వీపుమీద రెక్కల మధ్య అరచేతి మొదలుతో గట్టిగా కొట్టింది. నాలుగో దెబ్బకి వేరుశనగ గింజ గచ్చుమీద పడింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. అంత కమ్మని ఏడుపు నేను మళ్ళీ వినలేదు. లోపల ముక్కేమైనా మిగిలిందేమోనని వెంటనే ఆస్పత్రికి కూడా తనే తీసుకెళ్ళింది.

మర్నాడు, “గింజలు పెట్టింది నేనే పిన్నీ,” అని ఏడ్చాను. తిడుతుందనుకున్నాను.

“మా తమ్ముడికి నేనూ నెత్తే తట్టినానమ్మా. పదేల్లదాన్ని. ఆడు దక్కనేదు. నాకు ఎవులూ నేర్పనేదు మరి.”

ఆ గొంతు ఎందుకంత పెద్దదో నాకప్పుడు అర్థమైంది. సిగ్గుపడ్డాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూనే వీధి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి దిండుమీద నేర్పింది. “దగ్గితే దగ్గనీండి. సప్పుడు ఆగిపోతేనే కొట్టాల.” మా అత్తగారు దిండుని మెల్లగా తడితే, “జో కొడతన్నావేటి వదినా?” అంది.

పిన్ని పోయి ఏడాది అయింది. మొన్న మరమరాలు తింటుంటే నాకు పొలమారింది. మా అబ్బాయి టీ కప్పు పక్కన పెట్టి, నా వెనకాల నిలబడి, “మాట్లాడమ్మా,” అన్నాడు. నెత్తి ముట్టుకోలేదు. దగ్గుతూనే, “బాగానే ఉన్నానురా,” అన్నాను.

“ఎవులో తలుసుకుంటన్నారు,” అన్నారు అత్తగారు, అలవాటుగా.

తలుచుకుంటున్నది నేనే.